మూడో రకం నీళ్లు

ఆ కబురు మొదట తెచ్చింది పుష్ప. జహీరాబాద్‌లో మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒకటే గోడ ఉండేది. నేను గడప దాటలేని రోజుల్లో నా ముందు కూర్చుని జడలు వేయించుకున్న ఆ పిల్ల ఇప్పుడు ఏఎన్ఎం. ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు చూస్తుంది. మొన్న జామకాయల కోసమని కోహీర్ వచ్చి, పనిలో పనిగా మా ఇంటికీ వచ్చింది. నేను చాయ్ పెడుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి జామకాయ ముక్కను ఉప్పుకారంలో అద్దుకుంటూ, ఏదో మామూలు మాట చెప్పినట్టు చెప్పింది. "సునందక్కా, యాదగిరి మామకు షుగరు చూద్దామని పోయిన. నీ చేప ఆడ్నే ఉన్నది. మంచిగున్నది." ఏ చేప అని అడిగాను. "ఏ చేప ఏంది, నారింజ రంగుది, తెల్ల పట్టీలది. రూతమ్మ అత్త తొట్టిలది." చాయ్‌లో చక్కెర వేశానో లేదో మరిచిపోయి మళ్లీ వేశాను. పుష్ప ఆ చాయ్ మొత్తం తాగింది.

పద్దెనిమిదేళ్లుగా నేను ఆ చేప చనిపోయిందనే అనుకుంటున్నాను. చూసినవాళ్లెవరూ నాకు చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. రోజూ పొద్దున ప్రార్థనలో ఎన్నో చెప్పుకునేదాన్ని గాని, ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి పక్కకు తప్పుకునేదాన్ని. ఎందుకు తప్పుకున్నానో చెప్పాలంటే మా ఇంటి మధ్య గదికి వెళ్లాలి, నా పద్నాలుగో ఏటికి వెళ్లాలి.

నాకు పన్నెండో ఏట కీళ్ల జ్వరం వచ్చింది. కీళ్లను వదిలింది గాని గుండెను పట్టుకుంది. మూడు వారాలకొక సూది, మెట్లు ఎక్కొద్దు, పరుగెత్తొద్దు అన్నారు డాక్టరు. నా తరగతి మేడ మీద ఉండేది కాబట్టి బడి కూడా వద్దయింది. అప్పుడు నాయిన వాళ్ల అక్క, మా మేనత్త రూతమ్మ, ఒక రేకు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆమె పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్లు ఒక దవాఖాన ల్యాబులో పనిచేసి దిగిపోయింది. ఆమె కొంగు దగ్గర ఎప్పుడూ కొంచెం స్పిరిట్ వాసన. నాయిన ట్రాక్టర్ల కంపెనీలో రంగులు కొట్టే విభాగంలో పని, కాబట్టి ఆయన దగ్గర రంగు వాసన. ఇల్లంతా, గోనె సంచుల మీద ఆరబెట్టిన మా ఎకరం అల్లం వాసన. చెరుకు ఆడే కాలంలో ఈ మూడింటి మీదా తీపి వాసన ఒకటి వచ్చి కూర్చునేది. అత్తమ్మ తెల్లవారకముందే లేచి వేడినీళ్లు తాగి, వాక్యం చదువుకుని, బ్లేడుతో నా పెన్సిల్ చెక్కి పెట్టేది. అదే మా బడి గంట.

ఆమె చదువు చెప్పే పద్ధతి వేరు. నోటుబుక్కు పేజీకి నడిమధ్యన గీత కొట్టించేది. ఎడమ పక్క ప్రశ్న, కుడి పక్క జవాబు. "జవాబు తెల్వకుంటే ఖాళీ ఉంచు బిడ్డ. ఖాళీ చూసి సిగ్గుపడకు. ఉత్తగ నింపితివా, గప్పుడు సిగ్గుపడు" అనేది. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు అన్నీ ఆ గీతకు అటూ ఇటూనే నేర్చుకున్నాను.

మా వాడలో నీళ్లు రెండే రకాలు. నల్లాలో రోజు విడిచి రోజు వచ్చేవి మంచినీళ్లు. వాకిట్లో బోరింగు కొడితే ఎప్పుడంటే అప్పుడు వచ్చేవి ఉప్పునీళ్లు. ఆ ఉప్పునీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, తల పోసుకుంటే వెంట్రుకలు పీచులా తయారవుతాయి, బకెట్ల అంచుకు తెల్లటి పెచ్చు కడుతుంది. మంచినీళ్లు తాగడానికి, వండడానికి. ఉప్పునీళ్లు మిగతా చాకిరికి. కొత్త కోడలు ఎవరింటికి వచ్చినా ముందు చూపించేది ఏ బిందె ఏ నీళ్లదో. మా అందరికీ లోకంలో నీళ్లంటే ఈ రెండే.

యాదగిరి మామ నాయిన స్నేహితుడు. మా వైపు అల్లాన్ని ముంబయి మార్కెట్‌కు తోలే లారీ డ్రైవరు. ఎప్పుడు వచ్చినా మంచం మీదే కనబడే పిల్లకు ఏం తేవాలో తోచక, ఒకసారి ముంబయిలో చేపల దుకాణం ముందు ఆగాడట. గాలి నింపిన ప్లాస్టిక్ కవరులో రెండు చేపలు తెచ్చాడు. నారింజ రంగు ఒంటికి తెల్ల పట్టీలు, పట్టీల అంచుకు కాటుక గీసినట్టు నల్లటి గీత. అంత అందమైనవి నేను అంతవరకు చూడలేదు. "ఉప్పునీళ్ల చేపలంట వదినా" అని మా అమ్మతో అన్నాడు. "షాపు సేటు పదిసార్లు చెప్పిండు, ఉప్పునీళ్లల్లనే బతుకుతయి, మంచినీళ్లు పోస్తే చస్తయని. మనకేం ఫికర్, బోరింగు వాకిట్లనే ఉండె." అమ్మకు చాలా సంతోషమైంది. ఇన్నాళ్లూ తిట్టుకున్న ఈ నీళ్లకు కూడా దేవుడు ఒక అక్కర పెట్టాడు అనుకుంది. యాదగిరి మామ బోరింగు కొట్టాడు. అమ్మ పచ్చడి పెట్టే పెద్ద గాజు సీసా కడిగి ఇచ్చింది. చెంబుతో నీళ్లు పోసింది నేను. నా చేత్తోనే కవరు విప్పి చేపలను వదిలాను.

అత్తమ్మ ఆ మధ్యాహ్నం గుడిలో, అంటే మా చర్చిలో, స్త్రీల కూడికకు వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేసరికి ఒక చేప పక్కకు ఒరిగిపోయి ఉంది. రెండోది దాని చుట్టూ తిరిగి తిరిగి, దీపాలు పెట్టే వేళకు అదీ ఆగిపోయింది. అత్తమ్మ చెప్పులు విడవకుండానే సీసాలో వేలు ముంచి నాలుకకు అద్దుకుంది. "ఇవి మన నోటికి ఉప్పు గాని, సముద్రానికి ఉప్పు గాదు" అంది. అప్పుడు మాకు తెలిసింది, నీళ్లలో మూడో రకం ఉందని. యాదగిరి మామ గడప మీదే కూలబడ్డాడు. చాయ్ ముట్టలేదు. "నేనే ఆగం జేసిన" అని ఒక్క మాట అని లేచి వెళ్లిపోయాడు. ఆయన వెళ్లాక నాయిన అత్తమ్మతో అన్నాడు, అల్లం పెట్టేవాడెవడైనా విత్తనం కన్నా ముందు మడి చూసుకుంటాడు, వీడు విత్తనం ముందు తెచ్చాడని.

నేను ఆ రాత్రి అన్నం తినలేదు. మంచం మీద ఉన్న నాకు ఎవరైనా ఏదైనా బతికి ఉన్నది తెచ్చి ఇవ్వడం అదే మొదలు. దాన్ని నేను ఒక పూట కూడా నిలుపుకోలేకపోయాను. అత్తమ్మ నన్ను బుజ్జగించలేదు. "తెల్వకపోవుడు పాపం గాదు. తెలుసుకోకుంట మళ్ల చేసుడు పాపం" అని, పొద్దున కొత్త నోటుబుక్కు చేతిలో పెట్టింది. మొదటి పేజీలో ఎడమ పక్క నేను రాసిన ప్రశ్న: సముద్రపు నీళ్లలో ఏ ఉప్పు? ఎంత ఉప్పు?

జవాబు మా ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. అత్తమ్మ నాయినను పంపి యాదగిరి మామను పిలిపించింది. ఆయన సిగ్గుతో వాకిట్లోనే నిలబడ్డాడు. ముంబయి పోయినప్పుడల్లా ఒక చిట్టీ ఆ సేటుకు ఇవ్వాలి, జవాబు రాయించుకుని రావాలి అంది. ఒక ట్రిప్పుకు ఒకటే ప్రశ్న. నేను పది రాసి ఇస్తానంటే ఒప్పుకోలేదు. ఒకటి సమజైనాకే రెండోది అన్నది ఆమె నియమం. లారీ పోయి రావడానికి పది పన్నెండు రోజులు పట్టేది. ఆ సేటు మొదట్లో విసుక్కున్నాడట. తర్వాత యాదగిరి మామ లారీ దిగడం చూస్తేనే పెన్ను తీసేవాడట. ఆయన హిందీలో రాసి పంపిన కాగితాలను అత్తమ్మ తెలుగులో చదివి వినిపించేది, నేను కుడి పక్క నింపేదాన్ని. వంటింటి ఉప్పు పనికిరాదు, సముద్రపు ఉప్పు పొడి విడిగా ఉంటుంది. దాన్ని బోరు నీళ్లలో కాదు, ఫిల్టర్ నీళ్లలో కలపాలి. తొట్టిలో నీళ్లు ఆవిరైతే ఉప్పు ఎగిరిపోదు కనుక తగ్గినంత మేరకు ఉత్త నీళ్లే పోయాలి. మన సముద్రంలో విరిచిన పగడం కొనడం నేరం, ఎవరు అమ్మినా తీసుకోవద్దు. ఒకసారి మాత్రం అత్తమ్మ చదువుతూ చదువుతూ ఆగి కాగితం మడిచింది. అమ్మ పట్టు పడితే చెప్పింది. ఆ జంటలో పెద్దది ఆడది, అది పోతే మగది తనే ఆడదైపోతుందట. అమ్మ బియ్యం ఏరడం ఆపి, దేవుడు ఎన్ని తీర్ల చేసిండో అని మళ్లీ ఏరుకుంది.

సూదికి వెళ్లిన రోజుల్లో వచ్చేటప్పుడు నెట్ సెంటరులో అరగంట కూర్చునేవాళ్లం. అక్కడ చదివినదాన్ని అత్తమ్మ ఒక్కసారికి నమ్మేది కాదు. సేటు మాటతో కలిస్తేనే కుడి పక్కకు వెళ్లేది. నీళ్లలో ఉప్పు ఎంత చిక్కగా ఉందో కొలవడానికి ఒక గాజు సాధనం కావాలని సేటు రాస్తే, అత్తమ్మ రేకు పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన తన ల్యాబు గాజు గొట్టం తీసింది. నీళ్లలో నిలువుగా తేలుతుంది, ఎంత మునిగిందో గీతలు చెబుతాయి. దవాఖానలో దాంతో రోగుల మూత్రం చూసేవారు. అమ్మ దాన్ని వంటింటి ఛాయలకు రానివ్వలేదు. కానీ సముద్రపు నీళ్లలో గొట్టం ఏ గీత దాకా మునగాలో, ఆ గీత దానిమీద ఉంది. జహీరాబాద్‌లో సముద్రాన్ని కొలిచింది ఆ గొట్టమే.

నాయిన ఇనుప బల్ల చేయించాడు. తొట్టి వచ్చింది, ఉప్పునీళ్లు కలిపాం, సేటు తన తొట్టిలోంచి పంపిన రెండు రాళ్లు, వాటితో పాటు ఎండు రాళ్లు పేర్చాం. ఇక చేపలే అనుకున్నాను. సేటు జవాబు, ఇప్పుడు ఒక రొయ్య వేసి కుళ్లనివ్వమని. ఆ కుళ్లులోంచి విషం పుట్టాలి, ఆ విషాన్ని తినే కంటికి కనబడని పురుగు రాళ్లలో పుట్టాలి, విషం పూర్తిగా పోయేదాకా ఏ ప్రాణమూ వేయొద్దు. పరీక్ష గొట్టంలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే ఆకుపచ్చ వస్తే విషం, పసుపు వస్తే నయం. వారానికి రెండుసార్లు చూసేవాళ్లం. ఎప్పుడు చూసినా ఆకుపచ్చే. ఇల్లంతా రొయ్య కంపు. పుష్ప వాళ్లమ్మ గోడ మీంచి తొంగి చూసి, "రాళ్లకు రొయ్యలు పెడ్తున్నరు, పిల్లకు పప్పు పెడ్తున్నరు" అనేది. వాడలో ఎవరు ఎదురైనా, మీ రాళ్లు గుడ్లు పెట్టినయా అని అడిగేవారు. గుడి అయ్యగారు ఇల్లు దర్శించడానికి వచ్చి, ఖాళీ తొట్టి ముందు ఏమని ప్రార్థించాలో తెలియక నా కోసమే రెండుసార్లు ప్రార్థించి వెళ్లారు.

ఆ రోజుల్లో నేనొక పని చేశాను. ఈసారి వచ్చే రెండు చేపలు బతికితే నేనూ బతుకుతానని దేవునితో మాట పెట్టుకున్నాను. అత్తమ్మకు ఎట్లా తెలిసిందో, నా మొహం చూసే పోల్చి ఉంటుంది. "ఆయనతోని బేరం పెట్టకు బిడ్డ. నువ్వు కూరగాయలు కొంటలేవు" అంది. సరేనన్నాను గాని, లోపల ఆ మాట వెనక్కి తీసుకోలేదు. అందుకే ఒక రోజు గొట్టంలో పసుపు వచ్చినప్పుడు, ఇక చాలు తెప్పిద్దామని ఏడ్చాను. అత్తమ్మ ఇంకో నెల ఆగుదామంది. ఆ నెలలో మళ్లీ ఒకసారి ఆకుపచ్చ వచ్చింది. తొందరపడి ఉంటే ఏమయ్యేదో, ఆమె అనలేదు. నేనే నోటుబుక్కులో రాసుకున్నాను.

మొదటి చేపలు పోయిన పదకొండు నెలలకు యాదగిరి మామ రెండో జంటను తెచ్చాడు. సేటు దుకాణంలోనే పుట్టినవి, వేలి గోరంతవి. దారి పొడవునా కవరును లారీ క్యాబిన్‌లో తడి తువ్వాలలో చుట్టి వేలాడదీసుకుని, గుంత వచ్చినచోటల్లా నడక వేగంతో నడిపాడట. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి, "రూతక్కా, నీళ్లు చూసినవా" అని అడిగాడు. అత్తమ్మ గాజు గొట్టం తేలుతున్న గ్లాసును బయటికి తెచ్చి ఆయన కళ్ల ముందు పెట్టింది. ఆయన గీత చూసుకుని అప్పుడు గడప దాటాడు. తర్వాత అత్తమ్మ సెలైన్ ఎక్కించే గొట్టాన్ని తొట్టిలోంచి కవరులోకి పెట్టి, చుక్క చుక్కగా నీళ్లు దింపింది. గంటకు పైగా పట్టింది. నా చేతికి ఎన్నోసార్లు పెట్టిన గొట్టమే అది. చేపలు తొట్టిలోకి దిగి, రాళ్ల మధ్యకు పోయి, దాక్కుని, కొంతసేపటికి రెండూ కలిసి తలలు బయట పెట్టాయి. యాదగిరి మామ ఆ రోజు చాయ్ రెండుసార్లు తాగాడు.

అవి బతికాయి. కరెంటు పోతే నాయిన పాత ట్రాక్టరు బ్యాటరీ తగిలించేవాడు. ఎండాకాలం నీళ్ల మీదికి టేబుల్ ఫ్యాను తిప్పి, మేం విసనకర్రలతో విసురుకునేవాళ్లం. సేటు తన తొట్టిలో పెరిగిన మెత్తటి పగడం ముక్క ఒకటి పంపితే, అత్తమ్మ దానికి పూరాయి అని పేరు పెట్టింది.

నా పంతొమ్మిదో ఏట హైదరాబాద్‌లో గుండెకు ఆపరేషన్ చేశారు. నేను అక్కడ ఉండగానే అత్తమ్మ నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. కుట్లు మానేదాకా నాకు చెప్పలేదు. నేను ఇంటికి వచ్చేసరికి మధ్య గదిలో బల్ల ఉంది, తొట్టి లేదు. తొట్టి ఆనిన చోట దుమ్ము లేని నలుచదరం మాత్రం ఉంది. "ఇచ్చేసినం బిడ్డ" అన్నాడు నాయిన, మొహం తిప్పుకుని. ఎవరికని అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయమేసింది. చేపలు పోయాయి, నేను మిగిలాను, దేవుడు నా బేరంలో నాకే ఎక్కువ తూచాడు అనుకున్నాను. తర్వాత పెళ్లి, షోలాపూర్, పిల్లలు. నాయిన చూడటానికి వచ్చినప్పుడల్లా "అక్కడ అందరు మంచిగున్నరు" అనేవాడు. ఆ అందరూ ఎవరో నేను అడగలేదు. ఎనిమిదేళ్ల కింద ఆయనా పోయాడు. రెండేళ్ల కిందట మేం కోహీర్ వచ్చి స్థిరపడ్డాం.

పుష్ప చెప్పిన మర్నాడే వెళ్లాను. మొగుడంపల్లి రోడ్డు మీద చిన్న ఇల్లు. యాదగిరి మామకు నడుం పోయి లారీ మానేశాడు, దళసరి అద్దాలు వచ్చాయి. ముందు గదిలోనే ఉంది మా తొట్టి. పూరాయి రాళ్లన్నిటినీ కప్పేసి పరుచుకుంది. దాని మధ్య నా అరచేతిలో సగం ఉన్న చేప, రంగు కొంచెం వెలిసి, పక్కన ఒక చిన్న జతగాణ్ని పెట్టుకుని, అద్దం దగ్గరికి వచ్చి నన్ను చూసింది. దాని పాత జత ఆరేళ్ల కింద పోయిందట. నేను అద్దానికి చేయి ఆనించి, పద్దెనిమిదేళ్లు పక్కన పెట్టిన ఆ బేరం మాటను అక్కడే దేవునికి చెప్పుకున్నాను. యాదగిరి మామ భార్య నర్సమ్మ అత్త వెనక నుంచి, "మా ఇంట్ల నాకు ఫ్యాను లేకున్నా నడుస్తది బిడ్డ, వాటికి ఇన్వర్టర్ లేకుంటే ఈయనకు నిద్ర రాదు" అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన నిదానంగా చెప్పాడు. అత్తమ్మ పోయిన మూడో రోజు, తొట్టి చూసేవాళ్లు లేక నాయిన నిస్సహాయంగా కూర్చుంటే, తనే అడిగి లారీలో తీసుకుపోయాడట. "ఒకపారి నా చేతుల్లనే సచ్చినయి గద. మళ్ల సస్తే నీకు రెండు దుఃఖాలైతయని, బతికినయని గట్టిగ తెలిసినంకనే చెప్పాలె, అందాక చెప్పొద్దని మీ అమ్మతోని, నాయినతోని ఒట్టు వేయించిన. ఒక ఏడాది చూద్దామనుకున్న. ఏడాది దాటినంక ఇంకో ఏడాది. గట్లనే పోయింది."

"ఓపికంటే గిన్నేండ్లా మామా?"

"నువ్వు అడిగితివా బిడ్డ?"

ఆయన తొట్టి కింది అరలోంచి మా నోటుబుక్కు తీసి ఇచ్చాడు. అత్తమ్మ అక్షరాలు, నా అక్షరాలు, ఆ తర్వాత పేజీలన్నీ వంకర టింకరగా ఆయనవి. నీళ్లు వేడెక్కితే ఏం జేయాలె, సేటు దుకాణం మూసేస్తే ఉప్పు ఎక్కడ దొరుకుతది. మొత్తం నింపుకుంటూ వచ్చాడు. మధ్యలో ఒక పేజీలో ఎడమ పక్క ఉంది: సునందకు ఎప్పుడు చెప్పాలె. కుడి పక్క ఖాళీ. అత్తమ్మ చెప్పినట్టే, ఉత్తగ నింపకుండా ఉంచాడు. నేను ఆయన జేబులోని పెన్ను అడిగి, అక్కడ ఆ రోజు తేదీ వేశాను.

ఇప్పుడు పుష్ప కొడుకు ఫోనులో చూపిస్తాడు, వారంలో సముద్రం తయారు చేసేవాళ్లున్నారు. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు వస్తుంది. నేను దాన్ని తప్పు పట్టను. ఆ ఫోను అప్పుడుంటే మొదటి జంట బతికేదేమో. కానీ పన్నెండు రోజులకొక జవాబు వచ్చే కాలంలో ఒక లారీ డ్రైవరు ప్రతి జవాబునూ జేబులో పెట్టుకుని మోసుకొచ్చాడు. మోసిన ప్రతిసారీ ఒక్కొక్కటి నేర్చుకున్నాడు. అది మేం గమనించలేదు, పాఠం నాకేనని అనుకున్నాం. అత్తమ్మ నేర్పిన ఓపికను నాకన్నా ఆయనే ఎక్కువ పట్టుకున్నాడు, చివరికి కాస్త మితిమీరి కూడా. అడగాల్సింది అడగకుండా ఊరుకోవడాన్ని నేను ఓపిక అనుకున్నాను. అది భయం. ఆ తేడా తెలిసేసరికి తల సగం నెరిసింది. తెలిసినందుకు ప్రభువుకు స్తోత్రం.

ఇదంతా రాస్తానంటే యాదగిరి మామ ఒప్పుకోలేదు. బోరింగు నీళ్ల సంగతి చదివి జనం నవ్వుతారని ఆయన ఇబ్బంది. "రాస్తే రూతక్క పేరు రాయి, నాదెందుకు" అన్నాడు. అత్తమ్మ పేరును నేను మరిచిపోను, ఆమెను ఎరిగినవాడు పైన ఉన్నాడు. చదివిన మిమ్మల్ని నేను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో ఎప్పుడైనా బిందెలు సర్దుతూ ఇవి మంచినీళ్లు, ఇవి ఉప్పునీళ్లు అని ఎవరికైనా చూపించేటప్పుడు, మూడో రకం నీళ్లను పద్దెనిమిదేళ్లు కాపాడిన మనిషి ఒకడున్నాడని తలుచుకోండి. ప్రార్థించే అలవాటుంటే ఆయన నడుం కోసం ఒక మాట చెప్పండి. పేరు మరిచిపోవడం కష్టమేమీ కాదు గాని, జ్ఞాపకాన్ని మా వైపు యాది అంటాం, ఆ పేరులోనే యాది ఉంది. యాదగిరి.